గోదావరి ఒండ్రు దాచిన వానల లెక్క

ఎండాకాలంలో ట్యాంకర్ల గురించి, వానాకాలంలో రోడ్ల మీద నీళ్ల గురించి మాట్లాడుకోని ఏడాది మనకు లేదు. ఈసారి అదే నీళ్ల సంగతిని బాగా వెనక్కి వెళ్లి చూద్దాం. ఇందుకు ఆధారం శాసనం కాదు, తాళపత్రం కాదు. బంగాళాఖాతం అడుగున పేరుకున్న గోదావరి ఒండ్రు.

2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక కృష్ణా గోదావరి బేసిన్‌కు వచ్చింది. భారత ప్రభుత్వ కార్యక్రమం కింద, సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన మీథేన్‌ను వెతకడం దాని పని. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, కిలోమీటరుకు పైగా లోతున్న నీటి అడుగునుంచి గొట్టంతో మట్టిని పొరలు చెదరకుండా పైకి తీశారు. గ్యాస్ కోసం తీసిన ఆ మట్టిలో పది వేల ఏళ్లకు పైబడిన వానల చరిత్ర దొరికింది. కమీలో పాంటన్, లివియు జియోసన్ తదితరులు దాన్ని చదివి 2012లో ప్రచురించారు.

మట్టిని చదవడం ఎలాగ? తామరాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారిపోతుంది కదా, దానికి ఆకు మీది మైనం ఒక కారణం. అలాంటి మైనం పూత దాదాపు ప్రతి ఆకుకూ ఉంటుంది. ఆకు కుళ్లినా మైనం అంత తొందరగా పోదు, మట్టితో పాటు నదిలో కొట్టుకుపోయి సముద్రం చేరుతుంది. కార్బన్‌లో తేలికది, బరువైనది అని రెండు రకాల పరమాణువులు ఉన్నాయి. అడవి చెట్ల మైనంలో బరువైన రకం తక్కువ. ఎండను తట్టుకునే గడ్డి, జొన్న, రాగి వంటి వాటిలో కాస్త ఎక్కువ. ఆ నిష్పత్తిని కొలిస్తే గోదావరి పరివాహకంలో ఏ కాలంలో ఏ పచ్చదనం ఉండేదో తెలుస్తుంది.

రెండో సాక్షి ఫోరామినిఫెరా. ఇవి ఇసుక రేణువంత సముద్ర జీవులు, చచ్చిపోయాక వీటి సున్నపు పెంకులు అడుగున పేరుకుంటాయి. వాననీటిలో, నదినీటిలో తేలిక ఆక్సిజన్ పాలు ఎక్కువ. నదులు తగ్గి సముద్రం ఉప్పెక్కితే ఆ కాలపు పెంకుల్లో బరువైన ఆక్సిజన్ పెరుగుతుంది. ఇలా పెంకులతో పాత సముద్రాన్ని అంచనా వేయవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ దారి చూపితే, 1955లో చెజారె ఎమిలియాని మంచుయుగాల సముద్రపు వేడిని ఆ పద్ధతిలోనే లెక్కగట్టాడు.

గోదావరి మట్టిలో తేలింది ఇది. సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి కరువును తట్టుకునే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చాయి. 1,700 ఏళ్ల క్రితానికి అవే స్థిరపడిపోయాయి. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా ఈ చివరి 1,700 ఏళ్లలో, బంగాళాఖాతం బాగా ఉప్పెక్కిన సందర్భాలు పెంకుల్లో కనిపించాయి. అంటే వాన తగ్గడమే కాదు, నమ్మకం లేనిదిగా కూడా మారింది.

అదే మట్టి మీద 2017లో వచ్చిన మరో పరిశీలన మనల్ని ఆశ్చర్యపరిచింది. వాన తగ్గితే నది మోసుకొచ్చే మట్టీ తగ్గాలి కదా? తగ్గలేదు, పెరిగింది. చెట్టూ చేమా పలచబడిన నేల మీద వాన పడితే మట్టి కోసుకుపోతుంది. దానికి తోడు దక్కన్ మీద వ్యవసాయం మొదలైంది, ఇనుప యుగంలో ఇంకా విస్తరించింది. కోత మరింత ఎక్కువైంది. కోనసీమ కొబ్బరితోటల కింద ఉన్న ఒండ్రు గురించి గర్వంగా చెప్పుకుంటాం. అందులో ఎగువన ఎవరి పొలమో కోల్పోయిన పైమట్టి కూడా ఉంది.

ఇక్కడే చెరువు కథలోకి వస్తుంది. దక్షిణాదిలో నీటిని నిలవ చేసే పద్ధతులు అంతగా విస్తరించడానికి ఈ 1,700 ఏళ్ల నిలకడలేని వానలే కారణమై ఉండవచ్చని 2012 నాటి పరిశోధకులు సూచించారు. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే. కానీ మన చరిత్ర దానికి బాగా అతుకుతుంది. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల చెరువులు వచ్చాయి. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో కూడా రాయించాడు. చెరువు వాననీటిని ఆపుతుంది, కొట్టుకొచ్చే మట్టినీ ఆపుతుంది. పూడిక తీసి పొలాలకు తోలుకుంటే పోయిన పైమట్టి కొంతైనా తిరిగొస్తుంది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో చేసింది అదే.

ఇక మన వర్తూరు చెరువు. బెంగళూరులోని పెద్ద చెరువుల్లో ఒకటి. బెళ్లందూరు నుంచి నీళ్లు దీనిలోకి వచ్చి, ఇక్కడి నుంచి దక్షిణ పినాకినిలో కలిసి, తమిళనాడు మీదుగా అదే బంగాళాఖాతానికి చేరతాయి. నెల్లూరువాళ్ల పెన్న ఉత్తర పినాకిని, రెండూ నంది కొండల దగ్గరే పుట్టాయి. ఈ చెరువు మీద తెల్లటి నురగ గాలికి రోడ్డెక్కిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ మురుగుతో పేరుకున్న పూడికను మన తాతలు చేసినట్టు నేరుగా పొలానికి తోలుకోలేం. ముందు పరీక్ష చేయించాలి. వేల ఏళ్లు పొలానికి ఎరువుగా పనికొచ్చిన చెరువుమట్టిని ఒక్క తరంలో అనుమానించాల్సిన వస్తువుగా మార్చాం.

వానలు నిలకడగా ఉండవన్నది మన తరం కనిపెట్టిన సంగతి కాదు, 1,700 ఏళ్లుగా ఈ నేల స్వభావమే అది. చెరువులు, వాటిని కలిపే రాజకాలువలు ఆ స్వభావం తెలిసినవాళ్లు మనకు అప్పగించిన ఏర్పాటు. అందుకే చెరువును అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి చూసే అందంగా మాత్రమే చూడొద్దని మా మనవి. మన మురుగు శుద్ధయ్యాకే బయటికి పోతోందా, మన లేఅవుట్ పక్క రాజకాలువ తెరిచే ఉందా అని సంఘం సమావేశాల్లో అడగాల్సింది మనమే.

మీ సొంత ఊరి చెరువు పేరేమిటి, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. అందరివీ ఒకచోట చేర్చి పెడతాం.