పెద్దలు లేని బాలుర కథలు: ఓరుగంటి సీమ

భయానకరసమును మన యాలంకారికు లంతగా నాదరింపలేదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున దానిని స్త్రీనీచప్రకృతికమని నిర్ణయించెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని నాయకునిగాఁ జేసి ప్రతాపరుద్రీయమును రచించిన విద్యానాథుఁడు నవరసములలో నొకటిగా దీనిని లెక్కించెనే కాని, యతని గ్రంథమునకుఁ బ్రాణము వీరశృంగారములే. అందువలన భయముఁ గొల్పు కథలు పండితగోష్ఠులకు దూరమై, యింటి యరుఁగులమీఁదను, జంగముల గుమ్మెటల వెంటను, తల్లుల యొడులలోను గాలము గడపినవి.

ఇట్టి కథలలో నొక తెగ ప్రత్యేకముగా విచారింపఁదగినది. ఇందుఁ బెద్దలందఱు మరణింతురు, లేదా మాయకు లోఁబడుదురు. పిల్లలు మాత్రము మిగిలి, తమ ప్రాణములఁ దామే కాపాడుకొందురు. పాశ్చాత్యదేశములలో నేఁడీ తెగ కథలకు యువజనులయందు మిక్కిలి యాదరము గలదు. 1954లో విలియం గోల్డింగు నిర్జనద్వీపమునఁ జిక్కిన బాలురను గూర్చి నవల వ్రాసెను. 2008లో మైకేల్ గ్రాంటు ‘గాన్’ అను నవలయందుఁ బెద్దలందఱు నొక్క క్షణమున నదృశ్యులైనట్లు కల్పించెను. 2009లో చార్లీ హిగ్సను ‘ది ఎనిమీ’ యను నవలయందుఁ బెద్దలే వ్యాధిగ్రస్తులై పిల్లలను వేఁటాడునట్లు చిత్రించెను. ఇది మన కెఱుఁగని క్రొత్త వింతయని తలంచువారు కలరు. ఓరుగంటి సీమయందుఁ బ్రచారము నందిన కథలను, అచ్చటి శాసనములను జతపఱిచి చూచినచో నా తలంపు నిలువదు.

మొదట బాలనాగమ్మ కథను జూతము. తెలుఁగునాట జంగములును, తెలంగాణమున శారదకాండ్రును దీనిని దరతరములుగాఁ బాడుచు వచ్చిరి. పాఠభేదము లనేకములున్నను గథాశరీర మొక్కటియే. రాజునకు నేడుగురు కూఁతుండ్రు. తల్లి గతించినది. సవతితల్లి మాటకు లొంగి తండ్రి వారి నడవిపాలు చేసెను. ఆ యేడుగురు దిక్కులేని యాఁడుపిల్లలు కాఱడవిలో నొకరికొకరు తోడై బ్రతికిరి. ఇది ప్రథమ ఘట్టము. తరువాత వారికి వివాహములైనవి. కడగొట్టుదైన బాలనాగమ్మకుఁ గుమారుఁడు గలిగెను. అంతట మాయల ఫకీరు భిక్షకుని వేషమున వచ్చి, యామెను గుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టునకుఁ గొనిపోయెను. వెదుకఁబోయిన భర్తయు, బావలును, సేనలును గట్టు క్రింద శిలలైరి. ఇంటఁ దొట్టెలలోని శిశువు తప్ప మగదిక్కు లేకపోయెను. ఆ శిశువే బాలవర్ధిరాజు. వానికి యుక్తవయస్సు రాకమున్నే నిజము తెలిసినది. ఒంటరిగా బయలుదేఱి, పూవు లమ్ము ముసలిదాని యింట మనుమఁడై చేరి, తల్లి మూలమున ఫకీరు ప్రాణము చిలుకయందున్న దని యెఱిఁగి, యా చిలుకను సాధించి, శిలలైన పెద్దల నందఱిని మరల మనుష్యులఁ గావించెను.

ఈ కథ యొక్క వ్యాప్తికి లిఖితసాక్ష్యము గలదు. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రియరు 1868లో లండనున బ్రకటించిన దక్కను కథల సంపుటమునందలి మొదటి కథ యిదియే. దానిని జెప్పినది యాన్నా లిబరేటా డిసౌజా యను దాది. అందు మాంత్రికుని పేరు పంచ్‌కిన్. కడగొట్టు కూఁతురి పేరు బాల్న. బాలుఁడు పదునాలుగేండ్లవాఁడు. చిలుక చేఁజిక్కిన వెంటనే వాఁడు దానిని జంపలేదు. తొలుతఁ దన తండ్రిని, పినతండ్రులను, శిలలైన తక్కినవారిని మరల మనుష్యులను జేయుమని మాంత్రికుని నిర్బంధించెను. ఆ పని నెఱవేఱినపిమ్మటనే చిలుక మెడ నులిమెను. ఈ క్రమమును జదువరులు గుర్తుంచుకొందురు గాక. దీని ప్రయోజనము ముందు దెలియును.

ప్రతినాయకుని పేరు నిలుకడలేనిది. ఒకచో ఫకీరు, ఒకచో మరాఠీ, ఒకచో వట్టి మాంత్రికుఁడు. 1942లో జెమినీవారు నిర్మించిన చలనచిత్రమున నతఁడు మాయల మరాఠీ. గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ పాత్రను ధరించిరి. ఏ కాలమున నే బాటసారిని జూచి గ్రామము జంకెనో యా బాటసారి వేషమే రాక్షసుని కంటగట్టఁబడె నని నా యభిప్రాయము. కావున నా పేరులను బట్టి యే జాతిని గాని మతమును గాని నిందించుట కథాతత్త్వ మెఱుఁగకపోవుటయే. వేషము మాఱుచుండును, చిలుక మాత్రము మాఱదు.

ఇఁక నోరుగంటికి వత్తము. క్రీడాభిరామకర్త యా నగరవీథులను వర్ణించుచుఁ బలనాటి వీరుల గుడిని, వారి కథ పాడు స్త్రీని మనకుఁ జూపెను. టిట్టిభసెట్టియు మంచనశర్మయు నా పాటను విని పోయిరి. ఆ వీరులలోఁ గడపటివాఁడు బాలచంద్రుఁడు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బ్రకటించిన పల్నాటివీరచరిత్రమును జదివినవా రెఱుఁగుదురు: బాలచంద్రుఁడు బొంగరము లాడు వయసువాఁడు, యుద్ధవార్తను దల్లి వానికి మఱుఁగుపఱిచెను, అది తెలిసినపిమ్మట తోడి బాలురతోఁ గూడి రణమునకుఁ బోయి మడిసెను. బాలవర్ధిరాజు గెలిచెను; బాలచంద్రుఁడు గెలువలేదు. ఇరువురికి నొక్కటే మూలము: పెద్దలు దాఁచిన నిజమును బాలుఁడు దెలిసికొనుట. కథాగమనము నచ్చటినుండియే వడి నందుకొనును.

మూఁడవది హనుమకొండ పద్మాక్షి గుట్టకుఁ జెందిన కథ. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము, కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రము దీనికి నాధారములు. శత్రువుల చేతఁ దండ్రి సోమరాజు హతుఁడు కాఁగా, గర్భవతియైన సిరియాలదేవి హనుమకొండకుఁ బాఱి వచ్చి, మాధవశర్మ యను బ్రాహ్మణుని యింటఁ దల దాఁచుకొనెను. అచ్చటఁ బుట్టిన బాలుఁడు మాధవవర్మ. వాఁడు పద్మాక్షీదేవి కరుణచే ఖడ్గఖేటకములు వడసి, పితృరాజ్యమును మరల సాధించెను. కాకతీయుల మూలపురుషుఁ డీతఁడే యని యా గ్రంథముల మతము.

శాసనము లేమి చెప్పుచున్నవో చూతము. ఆ గుట్టమీఁదనే 1117 నాఁటి శాసన మున్నది. రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ యచ్చట కడలాలయ బసదిని గట్టించినట్లు దానివలనఁ దెలియుచున్నది. అంతేకాదు, ఉగ్రవాడి మేళరసుఁ డా బసదికి భూదానము చేసెను. ఆ మేళరసుఁడు తాను మాధవవర్మ వంశమున జనించినవాఁడ నని చెప్పుకొనెను. కాఁబట్టి మాధవవర్మ పేరు పండ్రెండవ శతాబ్దిలోనే యా కొండమీఁద వినఁబడినది. కాని యా శాసనమునందలి మాధవవర్మ దిక్కులేని బాలుఁడు కాఁడు. వేలకొలఁది యేనుఁగులును, లెక్కకు మిక్కిలి గుఱ్ఱములును గల చక్రవర్తి. కాకతీయుల సొంత శాసనములు వారి మూలపురుషులను వేఱుగాఁ జెప్పుచున్నవి: గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారము చెఱువు శాసనము వెన్ననృపునితో వంశమును మొదలుపెట్టినది.

ఇప్పు డొక ప్రశ్న. వేల యేనుఁగుల చక్రవర్తి తండ్రిలేని బాలుఁ డెప్పుడయ్యెను? శాసనమునకును నేకామ్రనాథునకును నడుమ నాలుగు శతాబ్దుల కాలము గలదు. ఆ నడుమనే 1323 వచ్చినది. ఉలుఘ్‌ఖాను ఓరుగంటిని బట్టుకొనెను. ప్రతాపరుద్రుఁడు ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు త్రోవలో నర్మదాతీరమున గతించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనము చెప్పుచున్నది. నాఁటి దేశదుర్దశను గూడ నా శాసనమే వర్ణించినది. ఒక తరము పెద్దలు పోయిన సీమయందుఁ, బూర్వపురుషునిగాఁ జక్రవర్తికన్న ననాథబాలుఁడే జనుల మనస్సునకు దగ్గఱవాఁ డయి యుండును. ఇది నా యూహ మాత్రమే, శాసనసిద్ధము గాదు.

ఈ యూహకు బలము నిచ్చు నిజచరిత్ర మొకటి గలదు. 1199 ప్రాంతమున మహాదేవరాజు యాదవులతోడి యుద్ధమున హతుఁడయ్యెను; కుమారుఁడు గణపతిదేవుఁడు శత్రువుల చెఱయందుఁ జిక్కెను. అప్పుడు తండ్రి లేఁడు, పెదతండ్రి రుద్రదేవుఁ డంతకుమున్నే గతించెను, సామంతులు తిరుగఁబడిరి. ఇది కథయైనచో గణపతి యొంటరిగాఁ జెఱను భేదించి వచ్చి యుండును. చరిత్ర మట్లు గాదు. యాదవ జైతుగి యతనిని విడిచిపుచ్చి రాజ్యమున నిలిపెను. ఇంటఁ దిరుగుబాటుల నడఁచి రాజ్యమును నిలుపుటయందు రేచర్ల రుద్రుఁడు తోడ్పడెను. ఆ రుద్రుఁడే 1213లోఁ బాలంపేట రామప్పగుడిని గట్టించెను; ఆ గుడి 2021లోఁ బ్రపంచవారసత్వసంపదగా గుర్తింపు నందెను. గణపతిదేవుఁడు 1262 వఱకు రాజ్యమేలెను. బాలుని గాపాడినది శత్రువు దయయు, సేనాని భక్తియు.

కావునఁ గథకును జరిత్రకును భేద మిది: చరిత్రము బాలుని జేయి పట్టుకొన్నవారి పేరుల రాతిపైఁ జెక్కినది, కథ వారినందఱఁ దొలఁగించి బాలు నొక్కని నిలిపినది. ఈ భేదము నెఱుఁగక కథనుండి చరిత్రమును బిండఁబోవుట దోషము. బాలనాగమ్మ కథలోని పానుగంటిని నేఁటి పానుగల్లుగా నిశ్చయించి కాలనిర్ణయము చేయఁబోవువారికి నిదియే నా మనవి. ప్రాణము వేఱొకచోట దాఁగియుండుట రుష్యదేశపుఁ గొశ్చేయి కథయందును గలదు. ఫ్రేజరు పండితుఁ డట్టి కథ లనేకములను గూర్చెను. బిడ్డల నడవిలో విడుచుట గ్రిము సోదరుల సంపుటమందును గలదు. లోకమంతయు నెఱిఁగిన కథను నొక దుర్గపతనమునకుఁ గట్టివేయరాదు. ఆ కథ నే సీమ యేల విడువక పాడుచు వచ్చెనో మాత్రము విచారింపవచ్చును.

అట్లు విచారించినచో మన కథలకును నేఁటి పాశ్చాత్యనవలలకును గల ముఖ్యభేదము బయలుపడును. హిగ్సను నవలయందుఁ బెద్దలు రాక్షసులగుదురు. పిల్లలు వారిని జంపియో పాఱిపోయియో బ్రతుకవలెను. గోల్డింగు నవలయందుఁ బిల్లలే యొకరికొకరు రాక్షసులగుదురు. తుదకు నొక నౌకాధికారి వచ్చి వారిని గాపాడును. మన కథయందుఁ బెద్దలు శిలలు. శిల చంపదు, కాపాడనులేదు. శిలకుఁ బ్రాణము మరల రావచ్చును. కావుననే బాలుఁడు చిలుక మెడ నులుముటకు ముందు పెద్దలను బ్రతికించుకొనెను. ముందుగా నాగ్రహమునకు లోఁబడి చిలుకను జంపినచోఁ బగ తీఱును గాని తండ్రి రాఁడు. ఈ యోర్పే కథకు సారము. తండ్రి తమ్ము నడవిపాలు చేసిన పిల్లల వంశమునఁ బుట్టినవాఁడు శిలలైన పెద్దలను మరల నింటికిఁ దెచ్చెను.

పాఠశాలలయందుఁ బండితు లిట్టి కథలను భయంకరములని, గ్రామ్యములని త్రోసివేయుట కలదు. వెఱపు పిల్లలకుఁ గూడదన్నది వారి వాదము. కాని యడవిలో విడువఁబడిన బిడ్డ వెఱపును నెఱుఁగని బాల్య మేది? ఆ వెఱపునకు రూపమిచ్చి, దానికొక చిలుకను, ఆ చిలుకకొక త్రోవను జూపుట కథ చేయు నుపకారము. ఆలంకారికులు భయమును నీచాశ్రయమని రి. ఈ కథలయందు వినువాఁడు భయపడును, నాయకుఁడు భయమును దెలిసియే యడుగు ముందిడును. అందుచేత వీరము భయానకమును మ్రింగివేయక దానిపైఁ గాలూఁది నిలుచును. పాడువారు తఱిగిపోవుచున్న యీ కాలమున, నొక్కొక్క గ్రామపుఁ బాఠమును బాఠభేదములతోఁ గూడ వ్రాసికొని భద్రపఱుచుట పరిశోధకుల ధర్మము. పద్మాక్షి గుట్ట శాసనమునకు మనము చూపిన శ్రద్ధలో నాలవవంతైనను నా గుట్ట క్రింద వినవచ్చు కథకుఁ జూపుదుము గాక.