ఒకే బల్ల, వేర్వేరు మనుషులు: ఉస్మానియా నేర్చిన సమష్టి పని

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలవకముందే దాని కోసం ఒక అనువాద కార్యాలయం పుట్టింది. 1917లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన దారుల్ తర్జుమా అది. ఉర్దూలో డిగ్రీ చదువు చెప్పాలంటే గణితం, రసాయనం, చరిత్ర పుస్తకాలన్నీ ఉర్దూలోకి రావాలి. వాటికంటే ముందు పారిభాషిక పదాలు కావాలి. మౌల్వీ అబ్దుల్ హక్ ఆ బాధ్యత చూశారు. పదాలు తేల్చే సంఘంలో శాస్త్రం తెలిసినవాళ్లూ, భాష తెలిసినవాళ్లూ కలిసి కూర్చునేవారు. అరబ్బీ, ఫారసీల నుంచే పదం కట్టాలని కొందరు, జనం నోట నలిగిన దేశీ మాటలు మాత్రం ఎందుకు పనికిరావని ఇంకొందరు. వహీదుద్దీన్ సలీం పదనిర్మాణంపై ఒక గ్రంథమే రాశారు. రెండు విద్యలూ ఒక్కరికే రావడం అరుదు కనుక ఒకరి మాట ఇంకొకరు వినక తప్పేది కాదు. ఇంతకంటే మంచి ఆరంభాన్ని నేను ఊహించలేను. కానీ ఆ బల్ల దగ్గరికి ఎవరిని పిలవాలో ప్రభుత్వమే నిర్ణయించేది. రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అక్కడ చోటు లేదు.

పిలుపు అందనివాళ్లు 1938లో తామే గొంతెత్తారు. హాస్టల్లో వందేమాతరం పాడొద్దన్నందుకు సమ్మె చేసి, బహిష్కరణకు గురై, చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమాన్ని విద్యార్థులే మొదలుపెట్టి, కార్యాచరణ సమితులతో నడిపారు. కాల్పుల్లో ప్రాణాలిచ్చిందీ ఎక్కువగా వాళ్లే. పగ్గాలు మాత్రం మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజాసమితికి వెళ్లాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో పది స్థానాలు గెలిచిన ఆ పార్టీ, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ గాయం క్యాంపస్ మరిచిపోలేదు.

ఎనభైలలో ఇంకోరకం పని జరిగింది. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా బాధ. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. పుస్తకం సంఘం పేరుతోనే వచ్చింది. చెప్పినవాళ్ల మాట చెప్పినవాళ్లదిగానే ఉంది. నలుగురు కలిసి రాస్తే ఎవరి గొంతూ మిగలదనేవాళ్లు ఆ పుస్తకం తెరిచి చూడాలి. 1985లో మొదలైన ‘అన్వేషి’ పరిశోధన కేంద్రం కూడా ఆ ఆలోచనల మధ్యనే పెరిగింది. తర్వాత అది క్యాంపస్‌ను ఆనుకుని, అంబర్‌పేట్ వైపున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలనీలో పనిచేసింది.

2009 నవంబరు చివర్లో ప్రత్యేక రాష్ట్రం కోసం కేసీఆర్ నిరాహార దీక్ష, అరెస్టు, క్యాంపస్‌లో లాఠీచార్జి. తార్నాక వైపూ, ఎన్‌సీసీ గేటు వైపూ పోలీసులు. ఎస్ఎంఎస్‌లూ ఫోన్లూ కబురు చేరవేశాయి కానీ, నిర్ణయాలు హాస్టళ్లలో, ఆర్ట్స్ కాలేజీ ముందు ముఖాముఖి కూర్చుని తీసుకున్నవే. ఒకరి జెండా ఒకరికి గిట్టని సంఘాలు ఓయూ జేఏసీగా (సంయుక్త కార్యాచరణ సమితిగా) ఏర్పడ్డాయి. డిసెంబరులో ఏర్పడిన రాజకీయ జేఏసీకి పార్టీ నాయకుడు కాక, ఉస్మానియా ఆచార్యుడు కోదండరాం కన్వీనర్ అయ్యారు. 1971 నాటి విలీనం గుర్తున్నందుకే ఉద్యమాన్ని ఒక్క పార్టీ చేతిలో పెట్టలేదని నేను నమ్ముతాను. ఒక్క డిమాండు మీద ఒప్పుకుని, మిగతా తగాదాలు ఎవరి దగ్గర వాళ్లు ఉంచుకోవచ్చు. ఆ వెసులుబాటు వల్లే లాయర్లు, ఉద్యోగులు, కులసంఘాలు, ఊళ్లు ఎవరి జేఏసీ వాళ్లు పెట్టుకున్నారు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నిలిచింది.

2014లో రాష్ట్రం వచ్చింది, కలిపి ఉంచిన డిమాండు తీరింది. కోదండరాం 2018లో తెలంగాణ జన సమితి పెట్టారు. జేఏసీ పద్ధతి మాత్రం కార్మికుల చేతికి చేరింది. 2019 అక్టోబరులో ఆర్టీసీ సంఘాలు జేఏసీగా కలిసి, అదే ఉద్యమం నుంచి వచ్చిన ప్రభుత్వం మీద యాభై రోజులకు పైగా సమ్మె నడిపాయి.