టీ దుకాణాలు నేర్పిన కంప్యూటర్ చదువు

మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, క్లుప్తంగా ఎంఐఎస్. బిజినెస్ డిగ్రీగా ఈ కోర్సు చదివేవాళ్లకు రెండు వైపుల నుంచీ చిన్నచూపే. కోడింగ్ అంతంతమాత్రమని కంప్యూటర్ సైన్స్ వాళ్లంటారు. ఇది మన శాఖది కాదని కామర్స్ వాళ్లంటారు. చరిత్ర తిరగేస్తే మాత్రం, కంప్యూటర్‌ను ఆఫీసు పనిలోకి తెచ్చినవాళ్లలో ముందు వరసలో ఉన్నది వ్యాపారులే. ఈ చదువు ఉండవలసిన చోటు బిజినెస్ స్కూలే అనడానికి ఆ చరిత్రే ఆధారం.

బ్రిటన్‌లో టీ దుకాణాలు, బేకరీలు నడిపిన జె. లయన్స్ కంపెనీకి ఒక్కో కప్పు మీద మిగిలేది స్వల్పం. గుమాస్తాల ఖర్చు పెరిగితే ఆ కాస్తా హరించుకుపోతుంది. అందుకే 1947లో కంపెనీ అధికారులు థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్ ఆఫీసు పద్ధతులు పరిశీలించడానికి అమెరికా వెళ్లి, కంప్యూటర్ల సంగతి తెలుసుకుని వచ్చారు. కేంబ్రిడ్జిలో తయారవుతున్న ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌కు లయన్స్ 3,000 పౌండ్లు ఇచ్చి, అదే నమూనాలో ‘లియో’ అనే సొంత యంత్రాన్ని నిర్మించుకుంది. 1951 చివరికల్లా అది బేకరీ సరుకుల విలువ లెక్కగట్టే పనిలోకి దిగింది. తరవాత అప్పగించిన దుకాణాల ఆర్డర్ల పని ఇంకా ముచ్చటైనది. ఏ దుకాణానికి ఏ రోజు ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు కావాలో మామూలు ఆర్డరు ముందే యంత్రంలో ఉంటుంది. దుకాణం మేనేజరమ్మ మధ్యాహ్నం ఫోన్ చేసి హెచ్చుతగ్గులు మాత్రమే చెబుతుంది. అవి పంచ్ కార్డుల మీదికి ఎక్కుతాయి, మర్నాటి సరుకు సిద్ధమవుతుంది. మార్పులు మాత్రమే అడిగితే చాలన్న ఈ ఆలోచన సర్క్యూట్ల జ్ఞానం నుంచి వచ్చింది కాదు. 1930ల నుంచే ఆఫీసు పనిని విడగొట్టి పరిశీలించే విభాగాన్ని నడిపిన కంపెనీ అనుభవం నుంచి వచ్చింది.

విశ్వవిద్యాలయంలోనూ ఇదే జరిగింది. 1960ల చివర మిన్నెసోటాలో ఎంఐఎస్ పీహెచ్‌డీకి బాట వేసిన గోర్డన్ డేవిస్ అకౌంటింగ్ ఆచార్యుడు. అయితే విమర్శలు అప్పుడే మొదలయ్యాయి. మేనేజర్లను బాధిస్తున్నది సమాచారం కొరత కాదు, పనికిరాని సమాచారపు వెల్లువ అని 1967లో మేనేజ్‌మెంట్ పండితుడు రస్సెల్ ఎకాఫ్ హెచ్చరించాడు. సంస్థ మొత్తానికీ ఒకే సమాచార వ్యవస్థ అన్నది ఎండమావి అని 1972లో మరో మేనేజ్‌మెంట్ పండితుడు జాన్ డియర్డెన్ తేల్చేశాడు. రెండు విమర్శల్లోనూ బలముంది. కానీ వీటికి సమాధానం ఇంకా వేగమైన యంత్రంలో దొరకదు. ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, దానికి ఏ వివరం అవసరం, ఏది అనవసరం అని ముందు అడగాలి. అలా అడగడం నేర్పడమే ఎంఐఎస్ పని. కాబట్టి ఆ విమర్శలు ఈ చదువును కూలదోయలేదు, దాని అవసరాన్ని రుజువు చేశాయి.

ఆ ప్రశ్నలు వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసే చెబుతుంది. లియో వారసత్వం కలిసిన ఐసీఎల్ కంపెనీ ఫుజిట్సు చేతికి వెళ్లాక, దాని హొరైజన్ సాఫ్ట్‌వేర్ 1999 నుంచి పోస్టాఫీసు కౌంటర్లకు చేరింది. తెర మీద తరుగు కనబడితే సబ్ పోస్ట్‌మాస్టర్లు సొమ్ము కట్టాలి, లేదంటే కోర్టు మెట్లెక్కాలి. అలా 900 మందికి పైగా దోషులుగా ముద్రపడ్డారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి వందల శిక్షలను రద్దు చేయాల్సి వచ్చింది. బగ్ లేని సాఫ్ట్‌వేర్ ఉండదు. కానీ యంత్రం చూపిన అంకెను మనిషి మాట కన్నా ఎక్కువగా నమ్మి జైలుకు పంపింది యాజమాన్యం.

కోడ్ రాయడం రానివాడు వ్యవస్థను ఎలా రూపొందిస్తాడన్నది న్యాయమైన ప్రశ్నే. డేటాబేస్, ప్రోగ్రామింగ్ ఈ విద్యార్థికి రావలసిందే. అయితే లెక్క ఎక్కడ పుట్టింది, తప్పితే జవాబుదారీ ఎవరు, బాధితుడు ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవి ఆడిటింగ్, యాజమాన్యం, చట్టం కలిసే చోటే బోధపడతాయి. అమెరికాకు ఎంఎస్‌కు వెళ్లే తెలుగు పిల్లల్లోనూ ఈ కోర్సు తీసుకునేవాళ్లున్నారు. వాళ్లు దీన్ని సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అడ్డదారిగా చూడకూడదు. జనం బతుకులు అంకెల మీద ఆధారపడిన కాలంలో, ఆ అంకెలకు పూచీ పడే బాధ్యతాయుతమైన వృత్తిగా చూడాలి.