పాత ముంప్సిముస్

పెండ్లి శుభలేఖలో గంట ప్రక్కన ‘ఏ.ఎం.’ అనియో ‘పి.ఎం.’ అనియో అచ్చువేయుట మీరు చూచియుందురు. ఇవి ఇంగ్లీషు మాటలని అనేకులు తలంతురు. కావు, ఇవి లాటిను మాటలు. ‘ఆంతే మెరీదియెమ్’ అనగా మధ్యాహ్నమునకు ముందు. ‘పోస్ట్ మెరీదియెమ్’ అనగా మధ్యాహ్నమునకు తరువాత. పాత సమాధి రాళ్లమీద సంవత్సరముతో కూడ చెక్కిన ‘ఏ.డి.’ అనునది ‘ఆన్నో డోమిని’, అనగా ప్రభువు సంవత్సరమందు. 525లో రోమాపురమందు డయొనీసియుస్ అను సన్యాసి ఏండ్లను ప్రభువు జననమునుండి లెక్కించుట ప్రారంభించెను.

ఇట్టి మాటలను దినదినము పలుకుదుము గాని అర్థమడుగువారు కొద్దిమంది. వాడుకకు అలవాటుపడిన మనుష్యులు ఏమి చేయుదురో తెలుపు వృత్తాంతములు రెండు సంఘ చరిత్రలో గలవు.

మొదటిది యోనా సొరచెట్టును గూర్చినది. 382లో రోమా బిషప్పు దమాసుస్ కోరికపై జెరోము అను పండితుడు లాటిను సువార్తలను సరిచేయ మొదలుపెట్టెను. పిమ్మట బేత్లెహేములో నివసించి, పాత నిబంధనను హెబ్రీ భాషనుండి లాటినులోనికి మార్చెను. పాత లాటిను ప్రతులలో యోనాకు నీడనిచ్చిన మొక్క సొర అని యుండగా, జెరోము దానిని మరియొక తీగపేరుతో వ్రాసెను. ఉత్తర ఆఫ్రికాలోని ఓయె పట్టణములో బిషప్పు ఆ క్రొత్త ప్రతిని చదువగానే సంఘములో గొప్ప అల్లరి పుట్టెను. తాతల నాటినుండి విన్న మాట మారినందుకు జనులు కోపించిరి. సంఘమంతయు తన్ను విడిచిపోవునేమోయని బిషప్పు భయపడి, పాత మాటనే మరల చదువవలసి వచ్చెను. 403లో అగస్టీను ఈ సంగతిని జెరోమునకు లేఖలో తెలియజేసెను.

నాడు లాటిను పశ్చిమ దేశములలో బజారు భాష. జెరోము గ్రంథమునకు తరువాత ‘వుల్గాత’ అను పేరు వచ్చెను. సామాన్య జనులది అని దాని భావము. కాలక్రమమున బజారు భాష ఇటాలియను, ఫ్రెంచి, స్పానిషు భాషలుగా మారిపోయెను. లాటిను విద్వాంసులయొద్దను, ఆరాధనలోను నిలిచెను. జనుల కొరకు తెరచిన తలుపు జనులకే మూతపడెను. కొందరు గురువులు సహా అర్థము తెలియకయే ప్రార్థనలు వల్లించుచుండిరి.

రెండవ వృత్తాంతము అప్పటిది. ప్రభు సంస్కారము తరువాతి ప్రార్థనలో ‘సుంప్సిముస్’ అను మాట గలదు. ‘పుచ్చుకొంటిమి’ అని దాని అర్థము. ఇంగ్లండులో ఒక గురువు ముప్పది ఏండ్లు దానిని ‘ముంప్సిముస్’ అని చదివెనట. ఆ మాటకు లాటినులో అర్థమే లేదు. ఒకరు తప్పు చూపగా, “మీ క్రొత్త సుంప్సిముస్ కొరకు నా పాత ముంప్సిముస్‌ను విడువను” అనెనట. రిచర్డు పేస్ అను ఇంగ్లీషు పండితుడు 1517లో దీనిని వ్రాసెను. అంతకు ముందటి యేడే ఎరాస్ముస్ గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేసి, దాని ప్రక్కన లాటిను మాటలను సరిదిద్ది నిందలపాలయ్యెను. గనుక ఈ కథ నవ్వుటకు మాత్రమే చెప్పినది కాదు. తప్పని తెలిసియు విడువని పట్టుదలకు ఇంగ్లీషులో ‘ముంప్సిముస్’ అను పేరే నిలిచెను.

అయితే 1545లో ఎనిమిదవ హెన్రీ రాజు పార్లమెంటులో, కొందరు పాత ముంప్సిముస్‌ను బిగబట్టియున్నారనియు, మరికొందరు క్రొత్త సుంప్సిముస్‌తో మితిమీరుచున్నారనియు ఉభయులను మందలించెను. మాట సరియైనదైనను, దానితో సహోదరుని గాయపరచువాడు దాని మేలు పొందడు.

చదువరీ, మన సంగతి యేమి? మనమును ‘హోసన్న’ అని బిగ్గరగా పాడుదుము. అది హెబ్రీ మాట. ‘ఇప్పుడు రక్షించుము’ అని దాని మూలార్థము. అది స్తుతిగా మారిన మొఱ. వచ్చు ఆదివారము ఆ మాట నీ నోట వచ్చినప్పుడు, దేనినుండి రక్షింపుమని అడుగుచున్నావో ఒక్క నిమిషము ఆలోచింపుము. నీ ప్రక్కన కూర్చున్న చిన్నవాడు దాని అర్థమడిగినయెడల గద్దింపక చెప్పుము. నీకు తెలియనియెడల, వానితోకూడ నీవును అడిగి తెలిసికొనుము.