హాలీ సిక్కా నుంచి పావలా దాకా: నిజామాబాదులో చిల్లర చరిత్ర

1950ల దాకా నిజామాబాదు జిల్లాలో జీతాలు, శిస్తు, బజారు బేరాలు అన్నీ నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలోనే నడిచేవి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. రెండు పైల రాగి బిళ్ళను జనం డబ్బు అనేవారు, ఆరు డబ్బులైతే అణా. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. దాని లెక్క వేరు: ఆరు కల్దారులకు ఏడు హాలీలు. అంటే ఒక కల్దారును మార్చుకుంటే రూపాయి రెండణాల ఎనిమిది పైల హాలీ చేతికొచ్చేది. సర్కారు పద్దుల్లో ఏ అంకె ఏ సిక్కాదో తెలియడానికి పక్కన 'ఓ.ఎస్.' అనో 'ఐ.జి.' అనో రాసేవారు. మొదటిది ఉస్మానియా సిక్కా, రెండోది ఇండియా ప్రభుత్వపు నాణెం.

హాలీకి ముందు పరిస్థితి ఇంకా గందరగోళంగా ఉండేది. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా టంకసాలలు ఉండేవి, ఒక్కోచోటి రూపాయి ఒక్కో ధర పలికేది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో బయటి టంకసాలలను మూయించి ముద్రణను హైదరాబాదుకు చేర్చారు. 1857 తిరుగుబాటు తరువాత మొగలు చక్రవర్తి పేరు నాణెం మీద నుంచి పోయి, మొదటి నిజాం ఆసఫ్ జా బిరుదు, 92 అనే అంకె వచ్చాయి. అప్పటికి నాణేలు ఇంకా సమ్మెటతో కొట్టినవే. ఒకదాని అంచు ఒకలా, ఇంకొకదాని మందం ఇంకోలా ఉండేది. షావుకారు రూపాయిని రాతి మీద మోగించి, తూచి మరీ తీసుకునేవాడంటే అది అనుమానం కాదు, అవసరం.

యంత్రంతో ముద్రించిన చార్మినారు నాణేలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903లో సైఫాబాదు టంకసాల మొదలయ్యాక వాడుకలోకి వచ్చాయి. నాణెం మీది చార్మినారు ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. 'మీమ్' ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలపుది, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. నాణెం మీద రాత అంతా ఫారసీ లిపిలోనే ఉండేది. ఇందూరు సంతకు వచ్చే రైతుల్లో అది చదవగలిగినవాళ్ళు తక్కువ. వాళ్ళకు నాణేన్ని గుర్తు పట్టించింది ఆకారమే. చివరి దశాబ్దాల అణా మూలలు గుండ్రంగా తిప్పిన నలుచదరపు బిళ్ళ. రెండో ప్రపంచ యుద్ధకాలపు రెండు పైల బిళ్ళకు నడుమ బొక్క. చీకట్లో మొలసంచిలో చెయ్యి పెట్టినా ఏది ఏదో వేళ్ళకే తెలిసేది. నోట్ల విషయంలో మాత్రం సర్కారు కాస్త ఉదారంగా వ్యవహరించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1918లో కాగితపు కరెన్సీ చట్టం చేసినప్పుడు, నోట్ల మీద విలువను తెలుగు, మరాఠీ, కన్నడాల్లో కూడా వేయించింది. అయినా పల్లెల్లో కాగితం మీద నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది.

ఇందూరు అనే ఊరు నిజామాబాదుగా మారి పెద్ద బజారైంది రైలు వచ్చాకే. హైదరాబాదు నుంచి గోదావరి లోయ మీదుగా బ్రిటిషు బొంబాయి రాష్ట్రంలోని మన్మాడ్ వరకు వేసిన రైలు మార్గం 1901 నాటికి పూర్తయింది. ఆ దారి వెంట సరుకు అటు వెళ్ళింది, కల్దారులు ఇటు వచ్చాయి. జిల్లా చుట్టూ ఉన్న నాందేడు, ఆదిలాబాదు, మెదక్, కరీంనగర్ కూడా నిజాం రాజ్యంలోనివే కనుక మామూలు రైతుకు కల్దారుతో పని పడేది కాదు. పసుపు, నూనెగింజలు బయటికి పంపే వర్తకుడికి మాత్రం రెండు రకాల పద్దులు తప్పేవి కావు.

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ లెక్కను పల్లెల దాకా తెచ్చింది. కాలువ నీళ్ళు పారిన బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు 1930లలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వాళ్ళు మూట కట్టుకొచ్చినవి కల్దారులు, ఇక్కడ భూమి ధర పలికింది హాలీల్లో. వంద కల్దారులు మారిస్తే నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. లాభం కొన్నవాడికా, అమ్మినవాడికా అన్నది ధర ఏ సిక్కాలో కుదిరిందన్న దాన్ని బట్టి ఉండేది. అంచేత బేరం కుదిరేటప్పుడే ఏ సిక్కానో తేల్చుకోవడం ఇరుపక్షాలకూ మేలుగా ఉండేది. బోధన్ పక్కన శక్కర్ నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ మరుసటి ఏడాది గానుగ మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఈ ఫ్యాక్టరీ తొలి జీతాలు, చెరకు రైతుకు ఇచ్చిన తొలి చెల్లింపులు హాలీలోనే. చెరకు ఆడే నెలల్లో ఒకేసారి ఇంత నగదు పల్లెల్లోకి దిగడం ఈ ప్రాంతానికి అదే మొదలు.

యుద్ధం వచ్చేసరికి నాణెంలో సరుకు పలచబడింది. పదకొండు గ్రాముల పైచిలుకు బరువుండే చార్మినారు రూపాయిలో వెండి దాదాపు 82 శాతం ఉండేది. 1943 తరువాతి రూపాయిలో అది సగానికి దిగింది. బజారు ఈ తేడాను వెంటనే కనిపెట్టింది. పాత రూపాయలు అవుసలి కొలిమికో, పెట్టె అడుక్కో చేరి, కొత్తవి మాత్రం చేతులు మారుతూ తిరిగాయి.

హైదరాబాదు విలీనం తరువాత 1950 జనవరి 26 నుంచి ఇండియా రూపాయి ఇక్కడా చెల్లుబాటైంది. 1953లో చేసిన చట్టంతో హాలీ నాణేలను, నోట్లను వెనక్కి తీసుకోవడం మొదలై ఆ దశాబ్దంలోనే ముగిసింది. ఉస్మానియా సిక్కా వ్యవహారం చూసేందుకు 1941లో పెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు, తాను నడిపిన సిక్కాను చెలామణి లోంచి తప్పించే పనిలోనూ పాలు పంచుకోవలసి వచ్చింది. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా మారి, 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది ఇదే. మార్పిడి రేటు పాతదే, ఏడుకు ఆరు. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు. కానీ హాలీలో ఏడు రూపాయల కూలి తీసుకున్నవాడికి ఆరు రూపాయలు చేతిలో పెడితే, అది సరైన లెక్కేనని ఒప్పుకోవడానికి మనసు రాదు.

ఆ తికమక తీరకముందే దశాంశ లెక్క వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా రూపాయికి నూరు నయా పైసలు. కోస్తా జిల్లాలవాళ్ళకు ఇది ఒక్క మార్పు. నిజామాబాదు వాళ్ళకు పదేళ్ళు తిరక్కుండా రెండోది. ఆ వెంటనే సేర్లు పోయి కిలోలు కూడా వచ్చాయి. అణా అంటే సరిగ్గా ఆరుంబావు నయా పైసలు. పావు పైసా నాణెం లేదు కనుక సర్కారు పట్టికలో అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై అయిదు అని నిర్ణయించారు. నాలుగణాల బిళ్ళ ఒకేసారి ఇచ్చి సరుకు కొంటే ఇరవై అయిదు పైసల లెక్క. విడివిడిగా నాలుగుసార్లు ఒక్కో అణా ఖర్చు పెడితే ఇరవై నాలుగే. ఆ ఒక్క పైసా ఎవరి గల్లాలో పడిందో చెప్పనక్కర్లేదు. పోయిన హాలీ డబ్బును కొత్త లెక్కలో కడితే ఒక్క నయా పైసా కూడా రాదు, దానికంటే కొంచెం తక్కువే. అంత చిన్న విలువకు కూడా నాణెం ఉండి, దానికి వస్తువు దొరికిన కాలం అది.

1964లో 'నయా' అనే మాట తీసేశారు. ఆ రోజుల్లోనే చిన్న నాణేలు అల్యూమినియంలోకి మారాయి. ఒక పైసా నలుచదరం, రెండు పైసలు అంచు వంకీలు, మూడు పైసలు ఆరు మూలలు, అయిదు పైసలు మళ్ళీ నలుచదరం. నిజాం అణాను ఎరిగిన పెద్దవాళ్ళ వేళ్ళకు ఈ అయిదు పైసల బిళ్ళ కొత్తగా అనిపించి ఉండదు. బరువు మాత్రం లేదు. రాగి, వెండి బిళ్ళలను కరిగిస్తే ఏదో ఒకటి వచ్చేది, అల్యూమినియం బిళ్ళకు ముఖవిలువ తప్ప వేరే ఆధారం లేదు. ఆ ముఖవిలువను ధరలు తినేశాయి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టే నిజామాబాదు బీడీ కార్మికురాలి లెక్కలో పైసలు చాలాకాలం నిలిచాయి. కిరాణా కొట్టులో అంతకుముందే పోయాయి.

చిన్న నాణేన్ని ముందు చంపేది బజారే, చట్టం వచ్చి మరణాన్ని నమోదు చేస్తుందంతే. పది పైసల ముద్రణ 1998లో, పావలా ముద్రణ 2002లో ఆగిపోయాయి. అంతకు ముందే కొట్లవాళ్ళు వాటిని తీసుకోవడం మానేశారు, పావలాకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం అలవాటైంది. కేంద్ర ప్రభుత్వం 2010 డిసెంబరులో ప్రకటన చేసి, 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లవని చెప్పింది. ముందురోజు దాకా చిన్న నాణేల డిపోలున్న బ్యాంకు శాఖల్లో ముఖవిలువకు మార్చుకునే వీలుంది. డబ్బా నిండా ఉన్న పైసలు నూరు రూపాయలు కూడా కావు, బ్యాంకు దాకా మోసే ఓపిక ఎవరికి? చాలా ఇళ్ళల్లో అవి అక్కడే ఉండిపోయాయి.

హాలీ విషయంలో కథ తిరగబడింది. చట్టం దాన్ని తీసేసినా జనం లెక్క మానలేదు. అణా నాణెం పోయాక కూడా చారాణా, ఆఠాణా, బారాణా అనే లెక్క తెలంగాణ నోట్లో నడిచింది. చారాణ కోడికి బారాణ మసాలా అనడానికి ఈ తరం పిల్లలకు అణా ముఖం తెలియనక్కర్లేదు. ఇరవై అయిదు పైసల నాణెం పుట్టిన రోజు నుంచి పోయిన రోజు దాకా పావలాగానే బతికింది, దాని సర్కారు పేరు బ్యాంకు కాగితాలకే పరిమితం.

పాత నాణెం బతికిన మరో చోటు ఆచారం. పెళ్ళిలోనూ చావులోనూ చిల్లర కావాలి. శవయాత్రలో పేలాలతో పాటు నాణేలు చల్లడం మానలేదు, పైసల బదులు రూపాయి బిళ్ళలు వచ్చాయి. తండాల్లో లంబాడా ఆడవాళ్ళ రవికెలకు, హారాలకు కుట్టిన పావలాలు, రూపాయలు ఒక కాలపు పొదుపు కూడా. ఇక బాసర దగ్గర రైలు గోదావరి దాటేటప్పుడు కిటికీలోంచి నాణెం వేయడం అందరూ చేసేదే. కందకుర్తిలో మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే చోటా అంతే. గోదారి రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలోకి వదిలి పైసలు ఏరుకునే పిల్లలకు దొరికేది ఈ కాలపు ఉక్కు నాణెమే. రాగి డబ్బు, అల్యూమినియం పైసా అయస్కాంతానికి అంటవు కనుక అవి బురదలోనే.

కట్నకానుకల్లో చదివించే నూట పదహార్లకు హాలీ మార్పిడే మూలమని చెప్పేవాళ్ళు ఉన్నారు. వంద కల్దారులకు నూట పదహారు చిల్లర హాలీలు రావడం ఆ కథకు ఆధారం. లెక్క ముచ్చటగా కుదిరిన మాట నిజమే. అయితే హాలీ ఎన్నడూ చెల్లని కోస్తా, రాయలసీమ ఊళ్ళలోనూ పదహారు కలిపి ఇవ్వడం ఉంది, వెయ్యికి కూడా కలిపేది నూట పదహారే. అంచేత ఈ కథను గట్టిగా నమ్మడం కష్టం.

ఇప్పుడు పాత నాణేల మీద మక్కువ ఎక్కువగా ఉన్నది వాటితో కూరగాయలు కొనని తరానికే. 1950 తరువాత సైఫాబాదు టంకసాల కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్ళింది, 1997లో పని చర్లపల్లికి మారింది. హైదరాబాదులో ముద్రించిన నాణేనికి సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. జేబులోని రూపాయి బిళ్ళను తిప్పి ఆ గుర్తు కోసం వెతికేవాళ్ళు ఉన్నారు. పాత సైఫాబాదు భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. ఇంట్లో దొరికిన చార్మినారు బిళ్ళకు లక్షలు వస్తాయని నమ్మి వచ్చేవాళ్ళకు సాధారణంగా నిరాశే. ముద్రించినవి విస్తారం, మిగిలినవీ విస్తారమే.

అసలు చిల్లర సమస్య మాత్రం పై మెట్టుకు ఎక్కింది. చెల్లుబాటులో ఉన్న పది రూపాయల నాణేన్నే తెలుగు రాష్ట్రాల్లో చాలా కొట్లు ఏళ్ళ తరబడి తిప్పికొట్టాయి. పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పినా జంకు వెంటనే పోలేదు. టికెట్ వెనక బాకీ రాసిచ్చే కండక్టరు బాధ తగ్గించడానికి తెలంగాణ ఆర్టీసీ 2022 మార్చిలో పల్లెవెలుగు చార్జీలను అయిదు రూపాయల లెక్కకు సర్దింది. చట్టం ప్రకారం అర్ధరూపాయి ఇంకా నాణెమే. 2011 నాణేల చట్టం దాన్ని పది రూపాయల మొత్తం వరకు ఇవ్వవచ్చునంటుంది, అంటే ఇరవై బిళ్ళల దాకా. నిజామాబాదు బజారులో ఆ ఇరవై బిళ్ళలు తీసుకునే కొట్టు దొరకడం కష్టం.