దీపాలు, ఫ్యాన్ల స్వయంచాలక నియంత్రణ: చరిత్ర

గదిలో మనుషులు ఉన్నదీ లేనిదీ గ్రహించి గాని, పెట్టిన గడువు తీరాక గాని దీపాలను, ఫ్యాన్లను ఆపే ఏర్పాటు ఇది. మోషన్ సెన్సరు, టైమరు దీనిలో ముఖ్య సాధనాలు.

19వ శతాబ్దపు యూరప్ పట్టణాల్లో గ్యాస్ వీధిదీపాలను మనుషులే తిరిగి వెలిగించేవారు. తరువాత గడియారపు యంత్రాలు ఆ పనికి వచ్చాయి.

గుస్టాఫ్ డాలెన్ (1869–1937): స్వీడన్‌కు చెందిన ఈ ఇంజనీరు 1907లో రూపొందించిన సూర్య కవాటం ఈ చరిత్రలో అత్యంత ప్రతిభావంతమైన ఘట్టం. అందులో నల్లని కడ్డీ ఒకటి, దాని చుట్టూ మెరుగుపెట్టిన కడ్డీలు ఉంటాయి. తెల్లవారగానే నల్లకడ్డీ వెలుతురును పీల్చుకుని మిగతావాటికంటే ఎక్కువగా సాగి, దీపానికి వెళ్లే ఎసిటిలీన్ గ్యాసు దారిని మూసేస్తుంది. చీకటి పడితే ముడుచుకుని దారి తెరుస్తుంది. దీనివల్ల కావలి మనిషి లేకుండానే సముద్రపు దీపస్తంభాలు నెలల తరబడి పనిచేశాయి. 1912లో ఎసిటిలీన్ ప్రయోగంలో జరిగిన పేలుడులో డాలెన్ చూపు కోల్పోయాడు. అదే ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చూపు లేకపోయినా మరణించేవరకు గ్యాసు పరికరాల సంస్థ ఆగాను ఆయనే నడిపించాడు.

సెన్సర్లు: 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించిన సూత్రం (కదలిక వల్ల తరంగాల పౌనఃపున్యం మారినట్టు కనబడటం) ఆధారంగా, కదిలే మనిషిని అల్ట్రాసోనిక్ తరంగాలతో పట్టే అలారాన్ని అమెరికాలో శామ్యూల్ బాగ్నో రూపొందించాడు. దొంగలను పట్టడానికి పుట్టిన సాధనం తరువాత కరెంటు పొదుపుకు అక్కరకొచ్చింది. నేడు ఎక్కువగా వాడే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సరు తానేమీ ప్రసరించదు; ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాలలోని మార్పును గమనిస్తుంది. కదలకుండా చదువుకునేవారు దాని దృష్టికి ఆనకపోవచ్చు. అందుకే చివరి కదలిక తరువాత కొంతసేపు ఆగి ఆపేలా టైమరును జతచేస్తారు. స్నానాల గదిలో మనిషి బయటికి వచ్చాక కూడా తేమ పోయేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాను తిరిగేది టైమరు వల్లనే.

భారతదేశం: ఇంధన పరిరక్షణ చట్టం (2001) కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది. 500 చదరపు మీటర్లు మించిన భవనాల్లో సమావేశ మందిరాలకు, తరగతి గదులకు, సరుకు నిల్వచేసే గదులకు సెన్సర్లు ఉండాలని అది నిర్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో ఈ నియమావళిని తన పరిస్థితులకు అనుగుణంగా స్వీకరించింది. 2017లో కేంద్రం అసలు నియమావళిని సవరించింది.