కమాను కట్ట: వంగుతూ మోసిన కథ

లారీ షెడ్డుల్లో దాన్ని ‘కమాను కట్ట’ అంటారు. పారసీలో కమాను అంటే విల్లు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ గురి తప్పలేదు. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు బరువు పడితే విల్లులా వంగుతాయి, దించితే లేస్తాయి. ఎడ్లబండికి కమాను లేదు, జట్కాకు ఉంది. రెండూ ఎక్కినవాళ్లకు ఆ తేడా నడుమే చెబుతుంది.

ఉక్కు కంటే ముందు తోలు వచ్చింది. ప్రాచీన ఈజిప్టు రథాల్లో నిలబడే చోట తోలు అల్లిక ఉండేది. తర్వాతి కాలంలో బండి పెట్టెను తోలు పట్టీల మీద ఉయ్యాలలా వేలాడదీశారు. 1827 నుంచి అమెరికాలో తయారైన కాంకర్డ్ కోచ్‌లు అలా ఊగుతూనే కొండలు దాటాయి. అంతకు చాలా ముందే ఇంగ్లండులో లెక్క తేలింది. బరువు రెట్టింపైతే స్ప్రింగు సాగడమూ రెట్టింపవుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. 1804లో లండన్ బళ్ల తయారీదారు ఒబదయా ఎలియట్, కోడిగుడ్డు ఆకారంలో జతపరచిన కమాన్ల మీద బండిని నిలబెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అడుగున బరువైన దూలం అవసరం తప్పి, బండి తేలికైంది.

కార్లు ఆ కమాన్లనే అందుకున్నాయి. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీకి ముందొకటి, వెనకొకటి అడ్డంగా ఉండేవి. 1925లో ఆ బండికే ఫ్యాక్టరీలో సామాను తొట్టి బిగించి పికప్‌గా అమ్మారు. పికప్‌తో పాటే పాత చిక్కు పెద్దదైంది. మెత్తని కమాను బరువుకు కూలబడుతుంది, గట్టిది ఖాళీ బండిని ఎగరేస్తుంది. అందుకే కట్ట అడుగున దాదాపు తిన్నగా ఉండే మందపాటి పట్టీ ఒకటి చేర్చారు. మామూలుగా దానికి పని ఉండదు. పైపట్టీలు బాగా వంగినప్పుడే అది భుజం కలుపుతుంది.

మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకుతో పికప్ ఇల్లయ్యాక ఈ చిక్కు విహారయాత్రికుల దాకా వచ్చింది. వెనక కుంగితే హెడ్‌లైట్లు ఆకాశాన్ని చూస్తాయి, ముందు చక్రాలకు పట్టు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ జీఎంసీ పికప్ మీద గది కట్టించి, డాన్ కిహోటే గుర్రం ‘రోసినాంటే’ పేరు పెట్టి, పుస్తకాలూ సామానూ అతిగా నింపుకుని అమెరికా చుట్టాడు. ఆరెగాన్‌లో వాన కురుస్తున్న ఆదివారం వెనక టైరు పేలింది. బరువు ఎక్కడికీ పోదు, బలహీనమైన చోటు వెతుక్కుంటుంది.

ఇప్పుడు మందులు చాలా ఉన్నాయి. ఎప్పుడూ బరువుతోనే తిరిగే బండికి అదనపు పట్టీ వేయించడమో, కట్ట మొత్తం మార్చడమో మేలు. సెలవుల్లో మాత్రమే మోసేవాళ్లకు గాలి తిత్తులు నప్పుతాయి. ఎయిర్ లిఫ్ట్ అనే అమెరికా కంపెనీ 1949 నుంచి ఈ దారిలోనే ఉంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య కూర్చునే ఈ తిత్తుల్లో యాత్రకు ముందు గాలి నింపి, తిరిగొచ్చాక తగ్గించుకోవచ్చు. రామ్ 1500 లాంటి పికప్ 2009లో కమాను వదిలి చుట్ట స్ప్రింగులకు మారినా, భారీ బరువుల బళ్లలో చాలావరకు పాత విల్లే మోస్తోంది.

అయితే ఇవేవీ ఇరుసునూ, టైర్లనూ, బ్రేకులనూ బలపరచవు. బండి తలుపు పక్కన అతికించిన చీటీలోని బరువు హద్దు మారదు. వెనక కుంగడం బండి మనకిచ్చే హెచ్చరిక. గట్టి కమాను వేయించాక ఆ హెచ్చరిక కంటికి కనిపించదు. కాబట్టి నిటారుగా నిలబడిన బండినే ముందు కాటాకెక్కించాలి.